వికటకవిని గుర్తింపలేని ప్రోగ్రాము

ముందునుండి చదివినను వెనుకనుండి చదివినను ఒకే విధముగా నుండు పదమునకు ఉదాహరణ చెప్పుమన్నచో ఆరవ తరగతి విద్యార్థి సైతము "వికటకవి" అని వెంటనే చెప్పును. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట కొత్తగా నేర్చుకొను వారికిచ్చు అభ్యాసములలో ఇదియు నొకటి. ఒక పదమును తీసుకొని, దానిని త్రిప్పి వ్రాసి, రెండును ఒకటియేనా కాదా అని యంత్రముచేత చెప్పింపవలెను. పాఠ్యపుస్తకములలో ఈ లెక్క ఇంగ్లీషు పదములతో చేయబడియుండును. అక్కడ ఏ చిక్కును లేదు. అదే ప్రోగ్రామునకు "వికటకవి" నిచ్చినచో అది కాదనును. "జలజ", "కనక", "నయన" అను వానిని ఔననును. "కునుకు", "మధ్యమ" అను వానిని మరల కాదనును.

కారణము చెప్పుట కష్టము కాదు. యూనికోడు అను అంతర్జాతీయ సంకేత ప్రమాణములో 1991 నుండి తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడి యున్నవి. అందు ప్రతి అచ్చునకు ఒక సంఖ్య, ప్రతి హల్లునకు ఒక సంఖ్య, ప్రతి గుణింతపు గుర్తునకు ఒక సంఖ్య, సున్నకు ఒకటి, పొల్లునకు ఒకటి. కనుక "వి" అనునది బడిపిల్లవానికి ఒక అక్షరమైనను యంత్రమునకు రెండు సంఖ్యలు: వకారము, దాని వెనుక గుడి. "ధ్య" అనునది మూడు: ధకారము, పొల్లు, యకారము. "వికటకవి" మొత్తము ఏడు సంఖ్యల వరుస. ఈ వరుసను తలక్రిందులు చేసినప్పుడు మొట్టమొదట వచ్చునది గుడి. అది ఎక్కి కూర్చుండుటకు హల్లు లేని గుడి. దాని తరువాత "వకటకివ". "మధ్యమ" ఇట్లే "మయ్ధమ" యగును. "జలజ"కు గుణింతములు లేవు, ఒత్తులు లేవు. అందుచే అది గట్టెక్కినది.

ఇందు యంత్రము చేసిన తప్పు లేదు. విద్యార్థి చేసిన తప్పును లేదు. పుస్తకములో నున్నట్లే అతడు వ్రాసెను. తప్పు వెదకవలసిన చోటు ప్రోగ్రాము భాష. ఆ భాషను నిర్మించినవారు "అక్షరము" అను మాటకు ఏ అర్థము నిచ్చిరి అనునదే ప్రశ్న.

గోదావరి తీరముననే యున్న ఒక పేరు తీసుకొని పరీక్షింపవచ్చును. "రాజమహేంద్రవరం" అను పదములో అక్షరములెన్ని? రా, జ, మ, హేం, ద్ర, వ, రం: ఏడు. ఇదే ప్రశ్న సి భాషలోని కొలత ఆజ్ఞ నడిగినచో 39 అని చెప్పును. జావా భాష 13 అనును. పైథాన్ కూడ 13 అనును. సి లెక్కించినవి అక్షరములు కావు, బైట్లు. యుటిఎఫ్-8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడేసి బైట్లు పట్టును గనుక పదమూడు మూళ్లు ముప్పది తొమ్మిది. జావా, పైథానులు లెక్కించినవి సంకేత సంఖ్యలు. ఆపిల్ సంస్థ 2014లో వెలువరించిన స్విఫ్ట్ అను భాష మాత్రము చదువరి కంటికి ఒక్కటిగా కనబడు గుచ్ఛములను లెక్కించును. ఐనను అదియు చాలకాలము సరిగా చెప్పలేకపోయినది. హల్లు క్రింద ఒత్తు వచ్చినప్పుడు రెండింటిని కలిపి యుంచవలెనను నియమము యూనికోడు ప్రమాణములోనే లేకుండెను. "ద్ర" రెండు ముక్కలగుచుండెను. తెలుగు, దేవనాగరి, వంగ, గుజరాతీ, ఒరియా, మలయాళ లిపులకు ఆ నియమము 2023లో, 15.1వ ప్రమాణముతో వచ్చినది. అనగా తెలుగునకు యంత్రములో స్థానము దొరకిన ముప్పది రెండేండ్లకు దాని ఒత్తునకు గుర్తింపు దొరకినది.

ఇది పండితుల ముచ్చట కాదు. తొమ్మిది, పది తరగతులలో పద్యపాదమునకు గణవిభజన చేయించుదురు. గురులఘువులను గుర్తించుటకు ముందు పాదమును అక్షరములుగా విడదీయవలెను. ఆ పని చేయు ప్రోగ్రామును వ్రాయబూనిన విద్యార్థికి పైన చెప్పిన భాషలలో ఎక్కువ భాగము మొదటి మెట్టుననే అడ్డుతగులును. అక్షరరమ్యతకు పేరుగన్న నన్నయ భట్టారకుని నగరము పేరులో అక్షరములెన్నియో చెప్పలేని పరికరము ఛందస్సును ఏమి చెప్పగలదు?

సి భాషతో తగులు ప్రమాదము మరింత గట్టిది. ఆ భాషలో పేరు నిలువచేయుటకు ముందుగానే ఇన్ని గదులు కావలెనని చెప్పుట పద్ధతి. పుస్తకములలో తరచుగా కనబడు సంఖ్య 20. చివరి గది ముగింపు గుర్తునకు పోగా మిగిలినవి 19. అందు ఏలూరు పట్టును, తణుకు పట్టును. భీమవరం 18 బైట్లతో ఎట్లో ఇముడును. కాకినాడకు 21 బైట్లు కావలెను, నరసాపురమునకు, అమలాపురమునకు 24, ధవళేశ్వరమునకు 27. ఇవి ఇముడవు. ఇముడనప్పుడు భాష ఊరకుండునా? సి భాష ఊరకుండును. మిగిలిన బైట్లు ప్రక్క గదులలోనికి పొర్లి అక్కడ నున్న వేరొక విలువను చెరచును. ప్రోగ్రాము ఒక్కొక్కప్పుడు ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు ఆగక తప్పు సమాధానము చెప్పును.

ఈ దోషమును నిపుణులు ఎన్నడో ఎత్తిచూపిరి. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు టోనీ హోర్ 1980లో ట్యూరింగ్ పురస్కారము స్వీకరించుచు చేసిన ప్రసంగములో, గదుల హద్దు దాటకుండ ప్రతిమారు సరిచూచు ఏర్పాటును 1960 ప్రాంతముననే తాము ఆల్గాల్ కంపైలరులో నుంచితిమని, వాడుకొను వారెవ్వరును దానిని తీసివేయుమని కోరలేదని జ్ఞాపకము చేసెను. ఆ తరువాత వచ్చిన భాషలు ఆ పాఠమును పెడచెవిని పెట్టినవని ఆయన బాధ. 1988లో మోరిస్ పురుగు అను ప్రోగ్రాము ఇంటర్నెట్టులోని యంత్రముల నెన్నింటినో స్తంభింపజేసినప్పుడు అది దూరిన కంతలలో ఒకటి సరిగా ఇదియే: ఎంత పొడవైన వాక్యము వచ్చినను హద్దు చూడక గదులలోనికి దింపుకొను సి భాషలోని ఒక ఆజ్ఞ. ఆ ఆజ్ఞను సి ప్రమాణమునుండి తొలగించినది 2011లో. మైక్రోసాఫ్టు సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారము ఆ సంస్థ ఏటేట సరిదిద్దుచున్న భద్రతా లోపములలో నూటికి సుమారు 70 జ్ఞాపకస్థానములను తప్పుగా వాడుటవలన కలిగినవే.

హోర్ తన తప్పును తానే ఒప్పుకొన్న సందర్భము కూడ కలదు. 1965లో ఆల్గాల్-డబ్ల్యు భాషకొరకు తాను కల్పించిన "శూన్య సూచిక" అను సౌకర్యము కోట్ల డాలర్ల నష్టము తెచ్చిన పొరపాటని 2009లో ఆయన చెప్పెను. హాలండు దేశీయుడైన డైక్‌స్ట్రా 1968లో "గోటు" అను ఆజ్ఞపై వ్రాసిన లేఖ, 1975లో బేసిక్ మొదలగు భాషలపై చేసిన ఘాటైన వ్యాఖ్యలు ప్రసిద్ధములు. ఆయన మాటలు కటువుగా నుండును. బేసిక్ నేర్చినవారిలో ఎందరో మంచి ప్రోగ్రాము రచయితలైరి గనుక ఆ తీర్పు అతిశయోక్తి యనక తప్పదు. ఐనను ఈ పెద్దలందరి విమర్శలోను ఒక వెలితి కలదు. వారు ప్రోగ్రాములోని తర్కమును పరీక్షించిరి, గదుల హద్దులను పరీక్షించిరి. ఆ గదులలో పెట్టు లిపి ఏదియైనను కావచ్చునని వారి విమర్శలో ముఖ్య విషయముగా రాలేదు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క అక్షరము పట్టు లిపిలో చదువుకొన్న వారికి ఆ ప్రశ్న తట్టకపోవుటలో వింత లేదు.

ఇక ప్రయోగశాలల సంగతి. కాకినాడలో 1946లో ఆరంభమైన ఇంజనీరింగు కళాశాల 2008లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము, కాకినాడ అను పేరున స్వతంత్ర విశ్వవిద్యాలయమైనది. గోదావరి డెల్టాలో ఊరూరను ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. రైతుల బిడ్డలు వేలకొలది ఆ చదువునకు వచ్చుచున్నారు. డెల్టాలోనే గాక దేశములో పెక్కు కళాశాలలలో వారు చిరకాలము తొలి ప్రోగ్రాము వ్రాసినది టర్బో సి ప్లస్ ప్లస్ అను నీలపు తెరమీద. బోర్లాండ్ సంస్థ 1990 ప్రాంతమున డాస్ యంత్రములకొరకు చేసిన పరికరమది. ఆ కాలమునకు అది మేలైనదే: చిన్నది, వేగము గలది, వ్రాయుట, సరిచూచుట, నడుపుట ఒక్కచోటనే జరుగును. ఆ యంత్రములు పోయినవి, డాస్ పోయినది, బోర్లాండ్ కూడ పోయినది. ఐనను క్రొత్త యంత్రములో పాత డాస్‌ను నటింపజేయు మరియొక ప్రోగ్రామును పెట్టి, దానిలోపల ఈ నీలపు తెరను తెరచి, పాఠములు చెప్పుట కొనసాగినది. పాత ఇంజనుకొరకు కొత్త పడవ కట్టినట్లు!

అక్కడ నేర్చిన సి భాష వేరు, ప్రమాణములోని సి భాష వేరు. తెరను తుడుచు ఆజ్ఞ, మీట నొక్కువరకు వేచియుండు ఆజ్ఞ సి భాషవి కావు, బోర్లాండ్ వారివి. సి ప్లస్ ప్లస్ భాషకు 1998లో అంతర్జాతీయ ప్రమాణము రాకముందు వాడుకలోనున్న శీర్షికలే అందులో నున్నవి. ఉద్యోగమునకు పోయి లినక్సు యంత్రము ముందు కూర్చున్న నాడు ఆ విద్యార్థి కంఠస్థము చేసిన మొదటి నాలుగు పంక్తులే తప్పులని కంపైలరు ఇంగ్లీషులో చెప్పును. తనకు సి రాదని అతడనుకొనును. 1987 నుండి ఉచితముగా లభించుచున్న జిసిసి కంపైలరు ఉండగా ఈ అవస్థ అక్కరలేనిది.

అన్నింటికంటె పెద్ద చిక్కు సంఖ్యలలో నున్నది. టర్బో కంపైలరులో మామూలు పూర్ణాంకమునకు 16 బిట్లు. అందు పట్టు పెద్ద సంఖ్య 32,767. ధవళేశ్వరము వద్ద వరద లెక్కను ఒక అభ్యాసముగా ఇచ్చినచో దీని ఫలము తెలియును. సర్ ఆర్థర్ కాటన్ బారేజీకి 175 గేట్లు. సుమారుగా 11.75 అడుగుల నీటిమట్టమున, 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు, 13 లక్షలకు రెండవది, 17.75 అడుగులకు, 17 లక్షలకు మూడవది. గేట్లన్నియు సమానముగా తెరచియున్నవనుకొని, ఒక్కొక్క దానినుండి 6,000 క్యూసెక్కులు పోవుచున్నచో మొత్తమెంత? 175 పట్టును, 6,000 పట్టును. రెండును వేరువేరుగా 32,767 కంటె తక్కువే. గుణకారము మాత్రము 10,50,000. అది పట్టదు. 65,536 చొప్పున ఎన్ని మార్లు తీసివేయవచ్చునో అన్ని మార్లు తీసివేయగా మిగిలినది యంత్రము చెప్పు జవాబు: 1,424. మొదటి హెచ్చరిక దాటిన గోదావరి ఒక పంటకాలువంత ఐనది.

ఒక్కొక్క గేటునుండి 10,000 క్యూసెక్కులనుకొన్నచో మొత్తము 17,50,000. అనగా మూడవ హెచ్చరిక దాటినది. యంత్రము చెప్పునది ఋణము 19,472. నది సముద్రమునుండి పాపికొండలవైపు ప్రవహించుచున్నదన్న మాట. ఈ రెండవ తప్పు నయము. ఋణసంఖ్యను చూచి ఎవరైనను నవ్వి లెక్క సరిచూతురు. 1,424 ను చూచి నవ్వువారుండరు; అది నమ్మదగినట్లుండును. 1986 ఆగస్టులో ఈ బారేజీమీదుగా 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయినది. ఆ సంఖ్యను ఈ గదిలో పెట్టినచో మిగులునది 26 వేల చిల్లర.

సంఖ్య పెద్దదైనప్పుడు "లాంగ్" అను వేరు గదిని వాడవలెనని పుస్తకములు చెప్పుచున్నవి, నిజమే. కాని ఏ సంఖ్య పెద్దదగునో ముందుగా ఎరుగుట ప్రోగ్రాము వ్రాయువాని బాధ్యతయని చెప్పి ఊరకుండు భాషకు, హద్దు దాటినప్పుడు కేకవేయు భాషకు భేదము కలదు. కొత్త కంపైలరు తెచ్చుకొన్నంతమాత్రమున ఈ చిక్కు తీరదు. నేటి యంత్రములలో మామూలు పూర్ణాంకమునకు 32 బిట్లు. 214 కోట్ల చిల్లర వరకు పట్టును. 17,50,000 క్యూసెక్కుల వరద ఒక దినమంతయు ప్రవహించినచో ఎన్ని ఘనపుటడుగుల నీరు? 86,400 చేత గుణింపగా 15,120 కోట్లు. ఇంజనీర్ల భాషలో 151.2 టిఎంసీలు. ఆ గదిలో మిగులునది 87 కోట్ల 61 లక్షల చిల్లర, అనగా ఒక్క టిఎంసీ కూడ కాదు. జావాలోని మామూలు పూర్ణాంకము కూడ నోరు మెదపక ఈ జవాబే చెప్పును. ఆ భాష నిర్వచనమే అట్టిది. రస్ట్ అను కొత్త భాష పరీక్షించు దశలో కేకవేసి ఆగును, తుది రూపములో మామూలుగా ఆ తనిఖీని వదలివేయును. పైథాన్ భాషలో పూర్ణాంకమునకు హద్దు లేదు. ఎంత పెద్ద సంఖ్యకైనను తగిన చోటు తానే చూచుకొనును. వేగము తగ్గును. పాఠశాలలో వేగముతో పనియేమి?

కేకవేసినంత మాత్రము చాలునా అనినచో, ఆ కేక వినువాడుండవలెను. 1996 జూన్ 4న ఐరోపావారి ఆరియాన్-5 రాకెట్టు ఎగిరిన సుమారు 40 సెకనులలో ముక్కలైనది. పెద్ద సంఖ్యనొకదానిని 16 బిట్ల గదిలో పెట్టబోవుటయే కారణము. ఆ ప్రోగ్రాము ఏడా భాషలో వ్రాయబడినది; భాష తప్పును కనిపెట్టి చెప్పినది. చెప్పినప్పుడు ఏమి చేయవలెనో అచ్చట వ్రాసియుండలేదు.

సి భాషను తీసిపారవేయవలెనని దీని భావము కాదు. డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో దానిని నిర్మించినది యంత్రమునకు దగ్గరగా నుండి పనిచేయు నిపుణులకొరకు. తొలితరగతి విద్యార్థులకొరకు కాదు. ఆ పనికి అది నేటికిని సాటిలేనిది. యంత్రము లోపల గదులెట్లుండునో, సంఖ్య ఎట్లు కూర్చుండునో తెలిసికొనుటకు దానిని మించిన సాధనము లేదు. 1,424 ఎట్లు వచ్చెనో చెప్పగలిగిన విద్యార్థికి సి భాష మేలే చేసినది. చెప్పలేక జవాబు వ్రాసికొని పోవు విద్యార్థికి అది కీడు చేసినది.

ఇంజనీరింగు పాఠ్యప్రణాళికలలోనికి పైథాన్ వచ్చుట మంచి మార్పు. అందులో చరరాశుల పేర్లు తెలుగులో కూడ పెట్టవచ్చును. "నీరు", "గేట్లు", "మొత్తం" అని వ్రాసి లెక్క చేయవచ్చును. దానికిని లోపములున్నవి, వినోదకరమైనవి. "౧౭" అను తెలుగు అంకెలను పదముగా ఇచ్చి సంఖ్యగా మార్చుమనిన మార్చును. ప్రోగ్రాములో నేరుగా ౧౭ అని వ్రాసిన ఒప్పుకొనదు. పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండ "సాఫ్ట్‌వేర్" వంటి పదములలో కంటికి కనబడని ఒక విభజన సంకేతమును వాడుదురు. పేరులో అది వచ్చినచో పైథాన్ తప్పుపట్టును. కంటికి కనబడని తప్పును వెదకుట పిల్లవానికి ఎంత కష్టమో ఉపాధ్యాయులెరుగుదురు. ఆ తప్పును తెలుపు సందేశము ఇంగ్లీషులోనే యుండును.

2021 నుండి ప్రోగ్రాములను తామే వ్రాసిపెట్టు కృత్రిమ మేధా పరికరములు వాడుకలోనికి వచ్చినవి. అడిగినదే తడవుగా పదమును త్రిప్పు ప్రోగ్రామును అవి ఇచ్చును. అవి నేర్చినది లోకములో ఇదివరకు వ్రాయబడిన ప్రోగ్రాములనుండి. వానిలో అత్యధికము సంకేతములను త్రిప్పునవే గాని అక్షరములను త్రిప్పునవి కావు. కావున తెలుగు సంగతి ప్రత్యేకముగా చెప్పనిచో పాత జవాబే అందముగా రావచ్చును. వచ్చిన దానిని "వికటకవి"తో పరీక్షించు బుద్ధి అడిగినవానికే ఉండవలెను.

ఆ పరీక్షలో నెగ్గు ప్రోగ్రామును పదవ తరగతి విద్యార్థి కూడ వ్రాయగలడు. పదములోని సంకేతములను ఒక్కొక్కటిగా చూచుచు పోవలెను. వచ్చినది గుణింతపు గుర్తు గాని, సున్న గాని, విసర్గ గాని, పొల్లు గాని, ఆ కనబడని విభజన సంకేతము గాని ఐనచో దానిని ముందున్న అక్షరమునకు చేర్చవలెను. వచ్చినది హల్లై, దానికి సరిగా ముందున్నది పొల్లైనచో అదియు ముందు దానికే చేరును. తక్కిన సందర్భములలో కొత్త అక్షరము మొదలగును. ఇట్లు విడదీసిన పిమ్మట త్రిప్పినచో వికటకవి వికటకవియే యగును, మధ్యమ మధ్యమయే యగును, రాజమహేంద్రవరమునకు ఏడు వచ్చును. తరువాత ఆ విద్యార్థులకే తమ మండలములోని గ్రామముల పేర్లను అకారాది క్రమమున పేర్చుమని చెప్పవచ్చును. యంత్రము తన సంకేతముల వరుసలో "ళ"ను "ల" ప్రక్కన, "ఱ"ను "ర" ప్రక్కన పెట్టును. బడిలో నేర్చిన వర్ణమాలలో ఆ రెండును హకారము తరువాత వచ్చును. ఏ వరుసను అనుసరింపవలెనో ఆ తరగతి నిర్ణయించుకొనవలసియుండును.